రెండో వారం నైట్ షిఫ్టు

మా ఆయనకు నైట్ షిఫ్టు ఉన్న వారం మా ఇంట్లో కుక్కర్ పొయ్యి ఎక్కదు. అన్నం గిన్నెలోనే వండి వారుస్తాను. రుబ్బాల్సినవన్నీ ఆదివారమే రుబ్బి పెట్టుకుంటాను. ఆయన పొద్దున ఎనిమిదింటికి ఇల్లు చేరి, స్నానం చేసి, రెండు ముద్దలు తిని పడుకుంటే మళ్లీ లేచేది మూడింటికే. అంతవరకు గిన్నె గిన్నెకు తగలకూడదు. పిల్లలిద్దరూ తమ సంచులు వాకిట్లోకి తెచ్చుకుని సర్దుకుని బడికి పోతారు. మా వరుసలో అందరి క్వార్టర్లలోనూ ఇదే పద్ధతి. రాత్రంతా భూమి కింద పనిచేసిన మనిషికి పగటి నిద్ర సరిగా లేకపోతే మరుసటి రాత్రి కాలు తడబడుతుంది. అక్కడ కాలు తడబడడమంటే చిన్న విషయం కాదు. అందుకే నైట్ షిఫ్టు మనిషి బూట్లు గడప బయట మెట్టు మీద జతగా పెడతాం. బూట్లు కనిపిస్తే ఎవరూ తలుపు కొట్టరు. కూరగాయల బండి ఆయన కూడా కేక వేయకుండా మెల్లగా తోసుకుంటూ వెళ్లిపోతాడు.

ఆ నిశ్శబ్దంలో ఒక నవల రాయొచ్చని నాకు పెళ్లయిన పదిహేనేళ్లకు తోచింది.

అది రెండు వేల ఆరు, సెప్టెంబరు నెల మొదలు. ఒక వారపత్రికలో నవలల పోటీ ప్రకటన చూశాను. రెండు వందల అరఠావులకు తగ్గకూడదు, ముప్పయ్యో తేదీలోగా పోస్టు చెయ్యాలి. నేను చదివింది పదో తరగతి. మా చర్చి స్త్రీల సమాజానికి ఏటా రిపోర్టు రాసేది నేనే. రెండు చిన్న కథలు అచ్చయ్యాయి. మొదటి కథ వచ్చిన రోజు పత్రిక తెచ్చి ఆయన ముందు పెడితే, అన్నం తింటూనే చదివి, "మంచిగనే ఉన్నది. కూరల ఉప్పు తక్కువైంది" అన్నాడు. రెండూ నిజమే. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. బెల్లంపల్లిలో ఉండే మా అత్తమ్మ అయితే చుట్టాలకు నన్ను పరిచయం చేసేటప్పుడు ముద్దుగానే చెబుతుంది, "మా మణి ఇంట్ల ఖాళీగ ఉంటది గద, ఏదో ఒకటి గీకుతది" అని. నేను నవ్వుతాను. ఖాళీ అన్న ఆ మాట మాత్రం పడుకున్నాక కూడా చెవిలో తిరిగేది. తెల్లవారి నాలుగున్నరకు లేచి, నల్లా నీళ్లు పట్టి, మూడు రకాల టైములకు మూడు సార్లు అన్నం పెట్టి, నలుగురి బట్టలకు పట్టిన బొగ్గు మరక వదిలించి నడుము వాల్చేదాకా ఆ ఖాళీ ఎక్కడుందో నేను వెతుక్కునేదాన్ని. దేవుణ్ణి అడిగితే చూపిస్తాడేమోనని అడిగేదాన్ని కూడా.

నవల మా అమ్మ గురించి. పేరు మార్చాను. ఆమె పాత రోజుల్లో బెల్లంపల్లి బాయి మీద, అంటే గని పైన, బొగ్గులో కలిసొచ్చిన రాళ్లు ఏరేది. ఇరవై ఏళ్లు ఏరింది. ఆమె వేళ్లు ఎట్లా ఉండేవో నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు, నాతోపాటే పోతాయి. అందుకని పోటీలో ప్రైజు రాకపోయినా ఫరవాలేదు, ఈ నెలలో రాయకపోతే మాత్రం ఇక రాయనని నాకు గట్టిగా అనిపించింది. తేదీ అంటూ ఒకటి పెట్టినవాళ్లు నా జీవితంలో ఆ పత్రికవాళ్లే.

మొదటి వారం ఆయనకు నైట్ షిఫ్టు. వంటగదిలో బియ్యం డబ్బా మీద పిల్లల పరీక్ష అట్ట పెట్టుకుని, కింద పీట వేసుకుని కూర్చున్నాను. కలానికి చప్పుడు ఉండదు. పక్క గదిలో ఆయన గురక వినిపించినంతసేపు నా చెయ్యి ఆగలేదు. తలుపు కొట్టినవాళ్లు లేరు, పిలిచినవాళ్లు లేరు. శనివారానికి నలభై ఏడు అరఠావులు అయ్యాయి. ఆ వారం నేను మోకాళ్లూనినప్పుడల్లా ఆయన నిద్ర కోసం దేవునికి స్తోత్రం చెప్పాను. భర్త ఆరోగ్యం కోసమూ డ్యూటీ కోసమూ ప్రార్థించిన ఆడవాళ్లను చూశాను కానీ, ఆయన గురక కోసం స్తుతించింది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

రెండో వారం ఫస్ట్ షిఫ్టు. ఆయన ఆరింటికే కంపెనీ బస్సుకు పోతాడు. వచ్చేసరికి మూడున్నర దాటుతుంది. పిల్లలు బడిలో ఉంటారు. ఇల్లంతా నాదే, ఇంకా ఎక్కువ రాయొచ్చు అనుకున్నాను. సోమవారం తొమ్మిదింటికి పీట వేసుకున్నాను. తొమ్మిదీ పదికి పక్క క్వార్టర్ సారవ్వక్క కరివేపాకు కోసం వచ్చి, చెల్లెలి కూతురు పెండ్లి చూపుల సంగతి చెప్పి పోయింది. వెనక వరుస లింగవ్వ దవాఖానకు పోతూ పాపను నా దగ్గర దించింది. "నువ్వు ఇంట్లనే ఉంటవు గద, ఒక గంట సూడు" అంది. గంట రెండు గంటలైంది. పాస్టరమ్మ డెబోరమ్మ గారు ఫోన్ చేసి సమాజం రిపోర్టు సంగతి అడిగారు. గ్యాసు బండి వస్తే ఎదురింటివాళ్ల సిలిండర్ కూడా నేనే దించుకున్నాను. ఒక్కరి మీదా నాకు కోపం రాలేదు. నా రెండో కాన్పులో రాత్రీ పగలూ నా దగ్గర కూర్చున్నది సారవ్వక్కే. లింగవ్వ చేతి గంజి తాగి నేను లేచాను. వీళ్లు లేకపోతే నేను లేను. కానీ ఆ సాయంత్రం లెక్క చూసుకుంటే పేజీన్నర రాశాను. మగమనిషి ఇంట్లో పడుకుంటే రోజుకు ఎనిమిది, ఇంట్లో లేకుంటే పేజీన్నర. ఇదేం లెక్క ప్రభువా అని అడిగాను.

మంగళవారం నేను కావాలని చేసింది కాదు. ఆయన పాత బూట్లు బురద పట్టి ఉంటే కడిగి, ఎండకు మెట్టు మీద పెట్టాను. లోపలికి వచ్చి కలం పట్టుకున్నాను. కిటికీలోంచి చూస్తే సారవ్వక్క చేతిలో గిన్నెతో వస్తోంది, వెనకాలే వాళ్ల మమత. బూట్లు చూసి ఆగిపోయింది. కూతురి వైపు తిరిగి నోటి మీద వేలు పెట్టుకుంది. ఇద్దరూ వేళ్ల మీద నడుచుకుంటూ వెనక్కి పోయారు. "అక్కా, ఆయన లేడు, రా" అనడానికి నోరు తెరిచాను. తెరిచిన నోరు అట్లాగే కాసేపు ఉంచి, మూసుకున్నాను.

ఆ రోజు తొమ్మిది పేజీలు రాశాను.

బుధవారానికి బూట్లు ఎండిపోయాయి. ఎండిన బూట్లు మెట్టు మీద పెడితే అబద్ధం అవుతుంది కదా. అందుకని చెంబెడు నీళ్లు పోసి మళ్లీ తడిపి పెట్టాను. ఎవరైనా అడిగితే ఆరబెట్టానని చెప్పొచ్చు. ఎవరూ అడగలేదు, అడిగేవాడు పైన ఒక్కడే. ఆ దేవుని ముందు కూడా అదే జవాబు సిద్ధం చేసుకున్నందుకు నాకు సిగ్గేసింది. గురువారం తడపడం కూడా మానేశాను. మూడు గంటలకు ఆ బూట్లు లోపల పెట్టేదాన్ని, మూడున్నరకు ఆయన బస్సు దిగి వెనక సందులోంచి వచ్చేవాడు. అదే గురువారం సాయంత్రం వెనక గోడ మీదుగా సారవ్వక్క మెల్లగా అడిగింది, "ఏందే మణీ, తమ్మునికి ఈ వారం సుత నైటేనా? మల్ల ఏసిండ్రా?"

"ఆ" అన్నాను. ఇంతవరకు బూట్లు ఆడిన అబద్ధం, ఆ ఒక్క అక్షరంతో నాదైంది.

"గిదేం అన్యాలం. మనిషి ఏం గావాలె" అనుకుంటూ ఆమె లోపలికి పోయింది.

శనివారం ఆయన మూడున్నరకు రాలేదు. అయిదు దాటాక వచ్చాడు. స్నానం చేసి, వెనక మెట్టు మీద కూర్చుని, నేనిచ్చిన చాయ్ పక్కన పెట్టుకుని తాగకుండా చూస్తున్నాడు. ఏమైందని అడిగితే నింపాదిగా చెప్పాడు. సారవ్వక్క భర్త నర్సింగం బావ వేరే బాయిలో పనిచేస్తాడు, యూనియన్ మనిషి. రెండు వారాలు వరుసగా ఈయనకు నైట్ ఎట్లా వేశారని అడగడానికి మరో ఇద్దరిని వెంటబెట్టుకుని ఇవాళ మా బాయికే వచ్చాడట. మేనేజరు గది ముందు నిలబడి, మనిషి చచ్చిపోవాలా సార్ అని గట్టిగానే మాట్లాడుతున్నాడట. సరిగ్గా అప్పుడే ఫస్ట్ షిఫ్టు పైకి వచ్చింది. అందులో ఈయన ఉన్నాడు, బాయిలో అందరూ పిలిచే యేసన్న, ఒళ్లంతా బొగ్గు, నెత్తిన లైటు.

"నువ్వు ఇంట్ల పండుకున్నవు గద తమ్మీ, దినాం మెట్టు మీద బూట్లుండె, గిక్కడెందుకున్నవు అన్నడు బావ," అని చెప్పాడు. "పొద్దున దిగిన, ఇప్పుడెక్కిన అని నేనన్న. ఇంగ సూడు. షిఫ్టు షిఫ్టంత ఒగటే నవ్వుడు. బాయిల ఒగ యేసన్న, ఇంట్ల ఒగ యేసన్న అని."

నాకూ నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

"మా షిఫ్టు ముత్యం ఏమన్నడో తెల్సా" అన్నాడు చాయ్ వైపే చూస్తూ. "మరి నీ మెట్టు మీద దినాం ఉంటున్న బూట్లు ఎవ్వలియి యేసన్న, అన్నడు."

ఆ బూట్లకు ఇంకో అర్థం ఉంటుందని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. భర్త బాయిలో ఉండగా ఇంటి ముందు మగవాడి బూట్లు. ఆడది తలుపు మూసుకుని లోపల ఏం చేస్తుందో ఆలోచించేటప్పుడు మనుషులకు రెండే తోస్తాయి, వంట, లేదంటే అది. మూడోది ఒకటి ఉంటుందని ముత్యానికే కాదు, అప్పటిదాకా మా ఇంట్లోనూ ఎవరికీ తెలియదు. నేనే తెలియనివ్వలేదు.

"ఎవ్వలియి మణీ?" అని అడిగాడు. గొంతు పెంచలేదు. అడగకుండా ఉండలేక అడిగాడు.

నేను లోపలికి పోయి బియ్యం డబ్బా వెనక నుంచి కాగితాల కట్ట తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను. "బూట్లు మీ పాతయే," అన్నాను. "లోపలున్నది నేను."

ఆయన గబగబా చదవలేడు. పై కాగితం మీద వేలు పెట్టుకుని ఒక్కో వరుసా చదివాడు. మా అమ్మ చలికాలం తెల్లవారుజామున రాళ్లు ఏరే చోటు అది. ఆమె చీర కొంగు చింపి వేళ్లకు చుట్టుకున్న దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగింది. మా పెళ్లిలో ఆయన పళ్లెంలో అన్నం వడ్డించిన వేళ్లే అవి. చాలాసేపటికి కట్టంతా చేత్తో తూచినట్టు ఎత్తి చూశాడు. తొంభై కాగితాలకు దగ్గరగా ఉంది.

"గింత ఎప్పుడు రాసినవ్?"

"మీరు పండుకున్నప్పుడు. పండుకోనప్పుడు సుత."

ఆపుకోబోయి నవ్వాడు. తర్వాత, "నాకెందుకు చెప్పలే?" అన్నాడు.

"చెప్తే, ఖాళీగ ఉన్నప్పుడు రాసుకో అంటరని."

కాదని అంటాడేమో అని చూశాను. చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగి, "అంటుంటి" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదని చెప్పాను కదా. ఆ క్షణంలో ఆ మాటకు నేను ఎంత కృతజ్ఞురాలినయ్యానో, ఎంత దుఃఖపడ్డానో విడదీసి చెప్పలేను.

"సోమవారం సంది నాది సెకండ్ షిఫ్టు. మద్దినాల దాక ఇంట్లనే ఉంట. ఎట్ల మరి?" అని ఆయనే అడిగాడు.

"మీరుంటే చాయ్ అంటరు, టీవీ అంటరు, దోస్తులస్తరు."

"దోస్తులను హోటల్ కాడికి తోల్కపోత. అన్నం వండుత. కూర నాకు రాదు," అన్నాడు. ఖాళీ కప్పు నాకందిస్తూ, "ముత్యంగానికి ఏం చెప్పాలె?"

"నా పెండ్లాం నవల రాస్తున్నది అని చెప్పుండ్రి."

"గదైతే అస్సలే నమ్మడు" అన్నాడు.

దీపాలు పెట్టే వేళకు సారవ్వక్క ఇంటికి పోయాను. నర్సింగం బావ లేడు. ఆమె గడపలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి పక్కకు జరగలేదు. నేను కిందే కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. తడిపిన బూట్ల సంగతి కూడా దాచలేదు.

"వారం దినాలు కారం దంచుడు బంద్ పెట్టిన నీ మొగని కోసం," అంది ఆమె బియ్యంలోంచి తల ఎత్తకుండా. "మమతను టీవీ పెట్టనియ్యలే. కూరగాయలాయనకు దండం పెట్టి చెప్పిన, అరువకు బిడ్డా అని. మా ఆయన మేనేజరు ముంగట నవ్వులపాలాయె. గింతజేసి లోపల నువ్వు రాసుకుంటున్నవా?"

"తప్పైంది అక్కా. ముందుగాల నీకే చెప్పేదుండె. నేను రాసుకుంటున్న, రాకు అంటే నువ్వు రాకుంటుంటివా?"

ఆమె చేతులు ఆగాయి. నిజంగానే ఆలోచించింది. నేను ఆమెను ప్రేమించేది అందుకే. "అబద్ధమెందుకు," అంది చివరికి. "వస్తుంటి. ఏం రాసినవో సూద్దామని పదిసార్లు వస్తుంటి. మగమనిషి పండుకున్నడంటే భయముంటది. ఆడిమనిషి రాసుకుంటున్నదంటే..." మిగతా మాట దొరక్క చాట ఒకసారి చెరిగింది. "ఏముంటదే?"

ఆ ప్రశ్న నాకు కాదు వేసింది, తనకే. తర్వాత ఆమెకు ఏదో గుర్తొచ్చి నొచ్చుకుంటున్నట్టు ముఖం పెట్టింది.

"ఇంకోటి మణీ. నిన్న పొద్దుగాల మీ డెబోరమ్మ వచ్చింది. బూట్లు సూసి తలుపు కొట్టలే. నేనే చెప్పిన, రెండు వారాల సంది నైటేనట అని. పాపం అన్నది. రేపు మీ చర్చిల ప్రార్థన పెట్టిస్తదట. సోమ, మంగళ, బుధవారం అందరు కలిసి మీ ఇంటికే వచ్చి చేస్తరట."

ఆ మూడు రోజులు నాకు ఇరవై అయిదు కాగితాలు. మా వాళ్ల గృహ ప్రార్థన అంటే పదిమంది ఆడవాళ్లు, పాటలు, వాక్యం, తర్వాత చాయ్, ఉప్మా, ఆ తర్వాత కబుర్లు. పది గంటలకు మొదలైతే రెండు దాటుతుంది. అది నాకు ఇష్టమైనదే. ఎన్నో ఇళ్లకు నేనే ముందు నడిచాను. కానీ ముప్పయ్యో తేదీకి మిగిలింది పద్నాలుగు రోజులు, రాయాల్సింది నూట పది పేజీలు. ఇంకా పెద్ద సంగతి, లేని నైట్ షిఫ్టు కోసం సంఘమంతా మోకాళ్లూనబోతోంది. మనుషుల ముందు ఒక "ఆ" అనడం వేరు. ఆ "ఆ"ను దేవుడి ముందు నలభై మంది చేత ఆమెన్ అనిపించడం వేరు. డెబోరమ్మ గారికి ఫోన్ చేసి ఆయన షిఫ్టు మారిందని చెబితే సరిపోతుంది. అది అబద్ధం కూడా కాదు, సోమవారం మారుతోంది కదా. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. తడి బూట్ల జవాబు లాంటిదే ఇదీ అని తోచి పెట్టేశాను.

ఆదివారం చర్చిలో ప్రసంగానికి ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు ఆ వారం చేసిన మేలును లేచి చెప్పుకోవచ్చు. ఆడవాళ్లు చెప్పేవి నాకు కంఠతా వచ్చు, నేనూ అవే చెప్పాను పదిహేనేళ్లు. భర్తను బాయిలోంచి క్షేమంగా పైకి తెచ్చినందుకు, పిల్లలు పాసైనందుకు, అత్తగారి షుగర్ తగ్గినందుకు. ఒక్కరైనా తన కోసం అంటూ ఏదైనా చెప్పగా నాకు గుర్తు లేదు. అది తప్పని కాదు. మా మేళ్లన్నీ మా చుట్టూ ఉన్నవాళ్ల ఒంటి మీదే కనబడేవి, అంతే. డెబోరమ్మ గారు చీటీ తీసి ప్రార్థన అవసరతలు చదివారు. మూడోది మాది. "మన యేసుబాబు గారికి వరుసగా నైట్ షిఫ్టులు వేసి శ్రమ పెడుతున్నారు. రేపటి నుంచి మూడు దినములు పది గంటలకు వారి గృహములో కూడుకుందాము." మగవాళ్ల వైపు వరుసలో ఆయన తల దించుకున్నాడు. ఆయన వెనక ఎవరో దగ్గారు.

నేను లేచాను. చెంగు నెత్తి మీదికి లాక్కున్నాను. ముందున్న కుర్చీ వీపు పట్టుకున్నాను.

"సంఘానికి వందనాలు. మా ఇంటాయనకు ఈ వారం నైట్ షిఫ్టు లేకుండె. ఉన్నట్టు నేను నమ్మిచ్చిన. సారవ్వక్కకు అబద్ధం చెప్పిన. దేవుడు నన్ను క్షమించాలె, మీరు సుత" అన్నాను. డెబోరమ్మ గారి చేతిలో చీటీ అట్లాగే ఉంది. ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని ఆపకుండా చెప్పాను. "నేనొక నవల రాస్తున్న. మా అమ్మ మీద. తొంభై పేజీలైనయి. మా ఇంటాయన మంచిగ నిద్రపోయిండు, స్తోత్రం. మా పక్కింటక్క వారం దినాలు కారం దంచకుంట ఊకున్నది, స్తోత్రం. నిన్న మా ఆయన ఒక పేజీ చదివిండు, దానికి సుత స్తోత్రం. నాకు ఇంక నూట పది పేజీలున్నయి. నాకు భయమైతున్నది. అందరు నా కోసం ప్రార్థన చెయ్యుండ్రి. ఒక్క మూడు దినాలే కాదు, ముప్పై తారీఖు దాక దినాం చెయ్యుండ్రి."

కూర్చోబోయి, అసలు మాట చెప్పలేదని మళ్లీ నిలబడ్డాను.

"కానీ, ఎవరిండ్లల్ల వాళ్లుండి చెయ్యుండ్రి."